తలుపు గడియకి తలగుడ్డ

ఎవరి గురించి అడిగావూ? గున్‌వోరక్క గురించా? నీకెవరు చెప్పారే ఆ పేరు? సరే, ఆ కుర్చీ ఇటు లాక్కో, నా కుడి చెవికి వినపడదు. మన దీవిలో ప్రార్థన మందిరం వాళ్ళంటే అప్పట్లో మాటలు కాదమ్మా. పేకాట లేదు, పాట లేదు, ఆదివారం బంగాళాదుంప తొక్క తీయడం కూడా పాపమే. బెర్గెన్ పట్నం నుంచి వచ్చిన మా అత్తగారి చెల్లెలు ఒకసారి ఆదివారం కత్తెర పట్టుకుందని... అది వేరే సంగతిలే. వాళ్ళకో పద్ధతి ఉండేది. దేవుడితో ఒంటరిగా కూర్చునేది ఆడమనిషైతే తలుపు బయటి గడియకి తలగుడ్డ కట్టేది, మగాడైతే టోపీ తగిలించేవాడు. అది కనిపిస్తే ఇల్లు తగలబడుతున్నా ఎవరూ తలుపు కొట్టరు. గున్‌వోరక్క రోజూ మధ్యాహ్నం పడవల కొట్టంలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఐదుగురు పిల్లలు, గొర్రెలు, ఉప్పు చేపలు బండల మీద ఆరబెట్టడం, మళ్ళీ వాన రాకముందే ఎత్తడం, అంత చాకిరీలోనూ ఆ వేళ తప్పేది కాదు. బయటికొస్తే మొహం కడిగిన పళ్ళెంలా ఉండేది. మందిరం పెద్ద మిక్కెల్‌తో అయితే మా అందరికీ ఒకటే పోరు, "గున్‌వోర్‌ని చూసి నేర్చుకోండమ్మా, దేవుడి దగ్గర విశ్రాంతి అంటే అదీ!" అని.

ఆ ఏడు హెర్రింగ్ చేపల కాలం. నేను మీ నాన్నని కని మంచంలో ఉన్నాను, ఇదంతా మా అత్తగారు కళ్ళారా చూసి వచ్చి చెప్పిందే. గున్‌వోరక్క మొగుడు హల్వార్ పడవ రేవు ముందరే రాళ్ళకి కొట్టుకుంది. మనిషిని బయటికి లాగారు, రొమ్ము నలిగిపోయింది. గాలి తగలకుండా ఆ కొట్టం గోడ పక్కనే తెరచాప పరిచి పడుకోబెట్టారు. తలుపు గడియకి నీలం తలగుడ్డ వేలాడుతోంది. "గున్‌వోర్... గున్‌వోర్‌ని పిలవండి" అంటున్నాడట. గొంతు పైకి రావట్లేదు. మిక్కెల్ టోపీ తీసి, వంగి, "ఆమె దేవుడితో ఉంది హల్వార్, కాస్త ఓర్చుకో" అన్నాడు. అప్పుడేం చేశాడో తెలుసా? నోరు మూసుకున్నాడు! మరి ఆయనా ఆ మందిరం మనిషే కదా. పళ్ళు బిగించి ఆ తలగుడ్డనే చూస్తూ పడుకున్నాడు. చుట్టూ అంతమంది ఉండి, లోపలికి వినపడుతుందేమోనని గుసగుసగా ప్రార్థన చేశారు. ఒక్కరంటే ఒక్కరు తలుపు కొట్టలేదు. ఒళ్ళు మండిపోతుంది నాకిప్పటికీ! ఆవిడ తలుపు తీసేసరికి ప్రాణం పోయింది.

సమాధి అయ్యాక భోజనాల దగ్గర మిక్కెల్ లేచి, "ఎంత ధన్యుడు! భార్య ప్రార్థనలో ఉండగా వెళ్ళిపోయాడు" అని మొదలుపెట్టాడు. గున్‌వోరక్క కూర్చున్నచోటు నుంచే, "ప్రార్థనా పాడా, నిద్రపోయాను" అంది. అందరూ చెంచాలు దించేశారు. "ఎన్నేళ్ళుగానో వలల మీద పడి నిద్రపోతున్నాను మిక్కెల్. నన్నెవరూ పిలవని చోటు అదొక్కటే. దేవుడే నిద్రపుచ్చుతున్నాడనుకున్నాను. మరి నిద్రపుచ్చినవాడు లేపడా?" మిక్కెల్ పులుసు తాగాడు.

ఆ తర్వాత ఆవిడకి నిద్ర లేదే తల్లీ. కొట్టం తలుపు బార్లా తెరిచి, రాయి అడ్డం పెట్టి, మంచు లోపలికి కొడుతున్నా అలాగే కూర్చునేది. ఎవరు అటు వెళ్ళినా తలెత్తి, "పిలిచారా?" అనేది. పిల్లలు కూడా అటు పోవడానికి భయపడేవాళ్ళు. నేను కాఫీ పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు వెళ్ళేసరికి వలల మీద ఒరిగి ఉంది, నోరు తెరిచి. పోయిందనుకున్నాను. కాఫీ అక్కడే పారేసి భుజాలు పట్టి ఊపేశాను. దిగ్గున లేచింది. నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. "లేపావే! నువ్వు లేపావు!" అని. "రోజూ వచ్చి లేపుతావా? ఎవరో ఒకరు లేపుతారంటే పడుకుంటాను. ఆ దేవుడి దగ్గరే పడుకుంటాను" అంది. సరే అన్నాను. ఆ మాట పట్టుకుని మళ్ళీ నిద్రపోవడం నేర్చుకుంది ఆ మనిషి. నేను వెళ్ళడం, లేపడం, కాఫీ ఇవ్వడం. మీ తాత విసుక్కునేవాడు, "నీకు మన ఇల్లు ఉందా లేదా" అని. ఏళ్ళ తరబడి అంతే.

చివరికి ఓ మధ్యాహ్నం లేపాను, లేవలేదు. గట్టిగా పిలిచాను. చెంపల మీద కొట్టాను. మిక్కెల్ పెళ్ళాం పరుగెత్తుకొచ్చి, "దేవుడి దగ్గర విశ్రాంతిలో ఉందమ్మా, వదిలెయ్" అంది. దాన్ని ఒక్క తోపు తోశాను. మాటిచ్చాను కదే, ఎలా వదులుతాను? చీకటి పడేదాకా లేపుతూనే ఉన్నాను...

ఆ పొయ్యిలో కట్టె వెయ్యి. చలేస్తోంది.