మునిరాజు రాసిన కాగితం

అట్లా చూడబాకు పటంలోనుంచి. నేనడిగేదానికి జవాబు చెప్పు. ఇంట్లో బిడ్డల్లో ఒక్కరికీ తెలుగు చదవను రాదని తెలిసీ, ఆ నాలుగు మాటలు తెలుగులోనే రాయాల్నా నువ్వు? మాట్లాడేది తెలుగే, సరి. బిడ్డల్ని పంపింది అరవ బడికే గదా! అది తట్టలేదా నీకు?

నీ కొడుకు మోహన్‌రాజ్ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసినాడు. రంజని కూడా చూసింది. "అమ్మా, పుత్తూరు బళ్లో అయిదు దాకా చదివింది నువ్వే. నువ్వే చదువు. నైనా ఏం రాసుంటే అట్లే చేద్దాం" అనిరి ఇద్దరూ.

ముందు నాలోనేనే చదువుకున్నా. 'తిరువొత్తియూరు ఇల్లు నా కూతురు రంజనికి. పని మానుకొని మూడేండ్లు నన్ను చంటిబిడ్డ మాదిరి చూసుకునింది. అది లేకుంటే నేనెప్పుడో పోయుందును.' అంతే గదా నువ్వు రాసింది?

బతికున్నప్పుడు ఒక్కరోజైనా దాని మొహం చూసి ఆ మాట అంటివా? అందర్నీ కూర్చోబెట్టి చెప్పయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! "నేను పోయినాక తెలుస్తుందిలే పంకజం" అంటివి. తెలిసింది, నాకు మాత్రం.

మోహన్ నా పక్కనే కూర్చోనున్నాడయ్యా. మనలి ఫ్యాక్టరీలో వాడి పని పోయి ఏడు నెలలు. ఇల్లు రంజనిదంటే పెండ్లాన్ని, బిడ్డల్ని తీసుకొని పోతాడు. కొడుకు పోతే నేనెవురి పంచన ఉండేది? కూతురి కూడు తింటే నలుగురూ ఏమంటారు? అట్లాంటి పాడు ఆలోచనలే వచ్చినాయి నాకు.

"ఇల్లు మోహన్‌కి" అని చదివేస్తిని. కాగితం మడిచి రవికలో దోపుకుంటిని, ఏమనుకున్నావు!

ఇప్పుడే రిజిస్టర్ ఆఫీసు నుంచి వస్తిమి. మా వాటాలు వాడికి వదిలేస్తున్నామని నేను, రంజని విడుదల పత్రంలో సంతకాలు పెట్టేస్తిమి. చూపించిన చోటల్లా పెట్టేసింది అది. బయటికి వచ్చినాక మోహన్ అన్నాడు, ఇల్లు అమ్మేస్తాడంట. మా ఇద్దర్నీ బాడుగ ఇల్లు చూసుకోమన్నాడు. ఐయో, ఎవురికోసం చేస్తిని ఇదంతా?

వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది రంజని. "నైనా నా గురించి ఏమీ రాయలేదా అమ్మా? ఒక్క మాటైనా?"

ఇల్లు ఎట్లో పోయింది. చంటిబిడ్డ మాదిరి చూసుకునిందని నువ్వు రాసిన ఆ మాటైనా దానికి ఇచ్చుండొచ్చు. ఇస్తే కాగితం అడుగుతుంది, ఎవురిచేతనైనా చదివిస్తుంది అని భయపడితిని.

"లేదమ్మా" అంటిని.

"సరేలే" అనింది. ఇల్లు రాంగానే, "మెల్లిగా దిగు" అని నా చెయ్యి పట్టుకొని దింపింది.