విప్పడం వచ్చిన పిల్ల

మళ్ళీ వెళ్ళి మాట్లాడతానంటారేంటండి రెబెక్కా మేడమ్‌గారూ? ఏం మాట్లాడతారు? నర్సరీ ఓనరు హరిబాబుగారు మొహం మీదే చెప్పేశారు. "మరిడమ్మా, నువ్వు పనిలోకి రా, నీ కూతుర్ని మాత్రం గేటు దాటనివ్వకు" అని. మీరు అడిగారని మొహమాటపడి దాన్ని పెట్టుకుంటే నిండా ముంచేసిందట. ఆయన్నేమనను. పోయిన మొక్కలు ఆయనవి.

మా దుర్గ తప్పు కాదండి. మీదీ కాదు. అబ్బే, ఎందుక్కాదు? మీదేనండి! కోపం వస్తే రానివ్వండి.

టెన్త్ దాకా, ఇలాంటి పిల్లల కోసం పెట్టిన మీ స్పెషల్ క్లాసులో ఏం నేర్పారు దానికి? చెక్కకి రిబ్బన్లు ముడేసి విప్పమనేవారు. వేళ్ళు సాగుతాయి, రేపు ఏదో పని చేసుకుంటుందన్నారు. ముడి విప్పితే చాలు, క్లాసంతా చప్పట్లు! పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని పిల్ల, చప్పట్లు కొడితే ఎంత నవ్వేదో. కిటికీలోంచి చూసి సంతోషం పట్టలేక ఏడ్చేదాన్ని.

టెన్త్ అయిపోయింది, ఇంక బళ్ళో ఉంచుకోకూడదన్నారు. సరే. నర్సరీలో కవర్లకి మట్టి నింపుతుందని మీరే తీసుకొచ్చారు. నింపింది కూడానండి, ఎవరూ వంక పెట్టలేదు. సాయంత్రం ఇద్దరం కాలవ గట్టు మీద నడిచొస్తుంటే, పోన్లే, నేను పోయాక కూడా దీనికో ముద్ద దొరుకుతుందిలే అనుకున్నాను. ఎంత ఆశో చూడండి నాకు!

మొన్న భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోడానికి బోరింగు దగ్గరికెళ్ళాను. అంతేనండి. వచ్చేసరికి మామిడంట్ల దగ్గరుంది. కొమ్మకి కొమ్మ అతికించి ప్లాస్టిక్ రిబ్బను చుట్టి ముడేస్తాం కదా, అవన్నీ విప్పేస్తోంది. అతుక్కోకముందే! వరసలకి వరసలు పోయాయి. ఎంత నీటుగా విప్పిందనుకున్నారు? ఒక్క రిబ్బనూ తెగలేదు. మడతపెట్టి పక్కన పెట్టింది, అచ్చం మీరు నేర్పినట్టే.

అయిబాబోయ్, ఒకటే గోల. హరిబాబుగారు తిడుతున్నారు, ఆడోళ్ళు నెత్తి కొట్టుకుంటున్నారు. ఇదేమో నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తోంది. దేనికండీ? చప్పట్లకి! ఎవరూ కొట్టకపోయేసరికి దాని మొహం...

నేను కొట్టానండి చప్పట్లు. ఆయన ఎదురుగానే కొట్టాను. మతిపోయిందా అన్నారు. పోయిందనే అనుకోండి.

పనిలోకి వెళ్ళకపోతే నాకు పొయ్యి వెలగదు. నిన్న తలుపు దగ్గరికేసి వెళ్ళానా, పాత యూనిఫాం తొడుక్కుని బడికని బయల్దేరిందట. కాలవ లాకుల దగ్గర నీళ్ళ అంచున నుంచుంటే ఎవరో పుణ్యాత్ముడు పట్టుకొచ్చాడు. తాళం వేస్తే తలుపుకేసి తల బాదుకుంటుంది. మరేం చెయ్యమంటారు?

మీ పక్కన మడతపెట్టి ఉందే, అది నా పాత చీరండి. ఇవాళ పొద్దున దాంతో దుర్గ కాలు మంచం కోడుకి కట్టి వెళ్ళాను. కన్నతల్లిని, ఈ చేతుల్తోనే కట్టాను. ఇందాక వచ్చేసరికి విప్పేసుకుని, చీర మడతపెట్టి, నాకోసం గుమ్మంలో కూర్చునుంది. నవ్వుతోందండి.

ఏం చెయ్యను, చప్పట్లు కొట్టాను. అప్పుడు లేచి లోపలికెళ్ళి పడుకుంది.

రేపు మళ్ళీ కట్టాలి మేడమ్‌గారూ. మీరు దానికి నేర్పని ముడి ఏదన్నా ఉంటే చెప్పి వెళ్ళండి.