కథలో అక్క

కూతురు కూడా తనలాగే ఏడో తరగతితో బడి మానేస్తుందేమోనన్నదే ఆ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం. అయినా చొక్కాలకు గుండీలు కుడుతూ తనే అంది:

“రేపు కూడా బడి మానెయ్యి. ఈ చొక్కాలు అయ్యేదాకా తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకుంటారు?”

“నేను చదువుతున్న ఈ కథలో అక్కనీ ఇలాగే రేపు, ఎల్లుండి అంటూ మాన్పించేశారమ్మా.”

“చాల్లే, మహా చెప్పొచ్చావు. తర్వాత ఏమైందట?”

“తెలీదు. మూడో పేజీ తర్వాత ఆమె మాటే లేదు. చదివినంతవరకూ అంతా తమ్ముడి చదువే.”

“రాసినాయన కూడా మర్చిపోయాడన్నమాట.”

“నేను మర్చిపోలేదు. చదువుతుంటే ఆ అక్క నేనే అనిపిస్తోంది.”

గుండీ మీద తల్లి చెయ్యి ఆగింది.

“ఇంకా ఎన్ని పేజీలున్నాయి?”

“నలభై.”

“రేపు వాడు పడుకున్నాక చదువు తల్లీ. ఆ పిల్ల చివర్లోనైనా కనిపిస్తుందేమో, ఎలా ఉందో కాస్త చూసి చెప్పు.”