శనిని నిలబెట్టిన సందె

ఏటి హరిచందనా, డాబా మీద ఆ మూడు గుంటలా? వానకి పడ్డవి కావమ్మీ, ఉలి పెట్టి కొట్టించినవి. మీ పెదమావగారు కన్నారావుగారని, మీ మావగారికి అన్నగారు, నువ్వు ఫొటోలోనే సూసుంటావు. ఈ రాయగడ బజార్లోనే బెల్లం, చింతపండు హోల్‌సేలు. ఆయనకో టెలిస్కోపుండీది. డొరగుడ ఫ్యాక్టరీ సైటులో ఇంజినీరొకాయన బదిలీ అయిపోతూ ఇచ్చెల్లిపోయేడు. తొంభై ఏడు, మార్గశిరం. అప్పటికే ఆయనకి సూపు పోతంది. కంటి నరం ఎండిపోతందనీ, నడిమజ్జ సూపు ముందు పోతాదనీ వైజాగు డాక్టరు సెప్పేసేడు. ఆయన ఎవరి మీదా ఇసుక్కోలేదు. 'పూర్తిగా పోయేలోగా శనిగ్రహం సుట్టూ రింగుంటాదట, ఒక్కసారి సూడాల' అన్నారు. మా తోటికోడలు బాలామణి, నేను అప్పా అనీదాన్ని, ఊరుకుంటాదేటి? 'లోకమంతా శని వదిలితే సాలని నూనె పోస్తంటే, ఈయనగారు పేరెట్టి పిలుస్తన్నారు' అంది.

కన్నెడితే కనిపించేస్తాదనుకుంటాం గానీ, గొట్టంలోకొచ్చిన సుక్క నిలబడదమ్మీ, జారిపోతాది. మనకా కాసేపు సాలు. ఆయన కంటి వోర నుంచి ఎతుక్కోవాలి గదా, దొరికేసరికి అదెల్పోయీది. అందుకే దానికో స్టాండు. మూడు కాళ్ళు, పైన ఏటవాలుగా ఇరుసు. ఆ ఇరుసు సరీగ్గా ధ్రువుడి వైపుంటే, ఒక్క మర తిప్పుకుంటా కూకుంటే సాలు, సుక్క కదలదు. గొట్టానికి ఎదురు ఇనపగుండు జరిపి తూకం కుదర్చడం ఆయనకి సిటికెలో పని. అన్నేళ్ళు బెల్లం తూసిన చెయ్యి గదా. ధ్రువుడి దగ్గరే వచ్చింది తంటా, మన డాబాకి అటేపు కొండడ్డం. దానికింకో దారి ఉన్నాదట. దక్షిణాన ఒక సుక్కని పట్టుకుని సూస్తా ఉండాల. పైకి జారితే ఇరుసు ఒక పక్కకి తిప్పాల, కిందికి జారితే రెండో పక్కకి. దానికి కళ్ళు కావాల. మీ మావగారు కొట్లో, అప్పకి శుక్లాలు. ఇంక నేనే.

అక్కడే సిక్కు. నువ్వంటే మీ మావగారి పక్కన కూకుని టీవీ సూస్తావు. నా రోజుల్లో బావగారి ఎదట పడ్డం లేదు, మాట లేదు. పెళ్ళయ్యి అన్నేళ్ళయినా ఆయన నా గొంతు వినలేదు. నేను సూసి 'అప్పా, పైకి పోతందని సెప్పు' అంటాను. చిక్కుడుకాయలు ఒలుస్తా అప్ప 'ఏవండీ, పైకట' అంటాది. 'ఎంత?' అంటారాయన. 'ఎంతటే?' అంటాది ఇటు తిరిగి. నా జవాబు అటెల్లేసరికి సుక్క ఇంకెక్కడో. రోజూ సందేళ ఇదే బాగోతం. ఒకరోజు 'మీ ఇద్దరి మజ్జనా నేనేటి, ఎస్టీడీ బూతునా?' అని గిన్నె పట్టుకుని దిగిపోయింది. అప్పుడే, ఇరుసు కుదిరే సోటికొచ్చింది. ఆయన తిప్పుతానే ఉన్నారు. సెప్పడానికి మనిషి లేదు. దాటిపోతంది.

'బావగారూ, ఆపండి' అన్నాను.

ఆపేరు. మర మీద చెయ్యి అలాగే ఉంది. నా వైపు తిరగలేదు. 'ఇప్పుడెటమ్మా?' అన్నారు. 'కొంచెం ఎనక్కి. సాలు.' అంతే. ఎదురుబొదురుగా సెప్పుకుంటే ఎంతసేపమ్మీ! కాళ్ళు మళ్ళీ కదలకూడదని మర్నాడు ఆ గుంటలు కొట్టించేరు. ఆ సందేళే శనిని పట్టిచ్చేను. స్టూలు మీద కూకుని, మెడ వాల్చి, మర తిప్పుకుంటా సాలాసేపు సూసేరు. అప్ప పైకొచ్చి 'కనిపించేడా మీ సుట్టం?' అంది. 'రింగు ఒక పక్కకి మొగ్గుందే, తూసినోడెవడే?' అన్నారు. మొగ్గుందని నేను సెప్పలేదమ్మీ. ఎవరం సెప్పలేదు.

ఎండలు ముదిరేసరికి సూపంతా పోయింది. అడుగు సప్పుడైతే 'ఎవరూ' అనీవోరు. ఎనకటిలాగ నేను తలుపు సాటుకి తప్పుకుంటే, ఆయనకి నేనింట్లో ఉన్నట్టే తెలీదు గదా. 'నేను బావగారూ, సుమతిని' అనీదాన్ని. 'ఆఁ, సెప్పమ్మా' అనీవోరు. అయిదారేళ్ళు అలాగే గడిచింది. ఆ పొద్దున్నా కాఫీ అట్టుకెల్లి, 'నేను బావగారూ' అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను.

...ఆ బట్టలు తియ్యమ్మీ, మబ్బట్టింది.