గోదావరి ఇన్న దగ్గు

గోదావరి మేడం గురించా? నన్నడుగుతున్నవా రుచితా? కూసో మరి. మీ కాలేజీల ఆమె వర్ధంతికి సదువుతనంటున్నవు గదా, రాసుకో. పొగుడుమంటే నాతోని కాదు, ముందే చెప్తున్న. ఆమె పోయి ఆరేండ్లాయె, నాకింకా కుళ్లు పోలే. మా ఇద్దరిది బోధన్ల ఒక్కటే గల్లీ. ఆమె బాపు, మా బాపు షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలేటోళ్లు. ఇద్దరం పక్కపక్కన కూసొని బీడీలు చేసినం. నా బీడీ ఒక్కటి వాపసు రాకపోయేది, ఆమెయి సగం ఇప్పి మళ్ల చుట్టేది. గామె హైద్రాబాద్ల ప్రొఫెసరయ్యింది, నేను లగ్గమై నిజామాబాదొచ్చి గిదే బీడీల చాట ఒళ్లె వెట్టుకొని కూసున్న. పేపర్ల ఆమె ఫోటో వస్తే, గంజి సీర, కండ్లద్దాలు, తీస్కపోయి పొయ్యిల పెట్టిన. ఆఁ, ఏం జెప్తున్న? ఒకపారి గా ప్రొఫెసరమ్మ మా గల్లీకే వచ్చింది, బీడీలు చేసేటోళ్లల్ల దగ్గు ఎందరికుందో రాసుకుంటదట. నేను ఇల్లిల్లు తిరిగి, "దగ్గుందంటే కార్ఖానోళ్లు పని కార్డు తీసేస్తరు, లేదనుండ్రి" అని చెప్పిన. అందరు లేదన్నరు. అప్పుడు ఆమె కాయిదం పక్కకు వెట్టి, "సత్తక్కా, నాకు గూడ నాలుగు ఆకులియ్యి" అని మా అరుగు మీద అన్నాలేళ దాక బీడీలు చేసింది. ఒక్కటి సక్కగ రాలే, నేను లోపల్లోపల నవ్వుకున్న. లేసేటప్పుడు, "పదకొండు మంది దగ్గిండ్రక్కా, నేను ఇన్న" అన్నది. గా పదకొండు మంది కోసమని మా దిక్కు దవఖాన పెట్టిచ్చింది, మందులొచ్చినయి, అందరు బతికిండ్రు. ఎనుక ఎమ్మెల్యే అయినంక, దగ్గుందా అని అడిగి పోవుడు కాదు, వాళ్ల పక్కన కూసొని ఇనాలె అని సర్కారుతోని జీవో తీపిచ్చింది. గదంత నా అరుగు మీద నేర్సుకున్నదే. నా పేరు ఎవలు చెప్తరు?

గా పొద్దు మీ అమ్మ అరుగు మీద లేదు. మూడు నెలలసంది దగ్గుతుండె. గోదావరి వస్తదని ఇనంగనే నేనే బస్సెక్కిచ్చి నవీపేట్ల నా చెల్లె ఇంటికి తోలిన. కార్డు కోసం కాదు, గది ఉత్త మాట. నా బిడ్డ రోగం గామె కాయిదంల పడొద్దని. "వసంత ఏదక్కా?" అని అడిగింది గూడ. "మంచిగుంది, సుట్టపుసూపుకు పోయింది" అన్న. మీ అమ్మ తిరిగొచ్చినంకనన్న దవఖానకు తీస్కపోవాలె గదా, గోదావరి పెట్టిచ్చిన దవఖాన అని నా కాళ్లు పోలే. నువ్వు చంకల పిల్లవు. ఏడాది నిండలే, మీ అమ్మ పోయింది. గోదావరి ఉరికొచ్చి నన్ను పట్టుకొని, "నేను ఇంకోపారి రావాల్సుండె అక్కా, తప్పు నాదే" అని ఏడ్చింది. ఆమె సచ్చేదాక గట్లనే అనుకున్నది, నేను కాదనలే. గిది గూడ రాయి. కలం ఎందుకు కింద వెట్టినవ్? రుచితా. నా దిక్కు సూడు బిడ్డా.