పది రోజుల కుదురు

పదిహేనేళ్ల నా కూతురికి ఏడీహెచ్‌డీ, అంటే మనసు ఒకచోట నిలవని, కుదురుగా ఉండనివ్వని సమస్య ఉంది. ఎదుగుతున్న దాని బుర్రని సిగరెట్టు పాడుచేస్తుందేమోనని నా భయం. అది డాబా మీద, ఆరేసిన దుప్పటి వెనక, సిగరెట్టుతో దొరికింది.

"ఎన్నాళ్ల నుంచే?"

"పది రోజులు. అరవకమ్మా."

"కదలకుండా చదువుతున్నావని, మాత్రలు పనిచేస్తున్నాయని డాక్టరమ్మకి చెప్పానే."

"మాత్రలు మానేశాను. ఇది తాగితే తలలో రొద ఆగుతుంది."

"ఎంతసేపు?"

"మొదట్లో గంట. ఇప్పుడు పావుగంట. తర్వాత రొద ఇంకా ఎక్కువవుతోంది."

"నీలాంటి పిల్లలకి ఈ అలవాటు తొందరగా అంటుకుంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. లేనిపోని ఆలోచన పుట్టించడం ఎందుకని నేనే నీకు చెప్పలేదు."

"నా పిల్ల కుదుటపడిందని పిన్నికి ఫోన్లో చెప్పావు కదా. నువ్వు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంక మానబుద్ధి కాలేదు."

మీ ఇంట్లో కుదురులేని పిల్ల ఉన్నట్టుండి నెమ్మదించిందంటే, సంతోషపడే ముందు ఒకసారి దాని దగ్గరికెళ్లి పలకరించండి.