డొమినిక్ రీల్

ఐర్లండులోని స్లైగో పల్లెలో వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఎనభై ఎనిమిదేళ్ల ఫిడేలు వాద్యకారుడు మాలకీ కిల్‌కోయిన్ వంటింట్లో జరిగిన మాటలివి. ఎదురుగా కూర్చున్నది ఎన్నడో పోయిన అతని స్నేహితుడు డొమినిక్ కూతురు అట్రాక్టా. తండ్రి కట్టిన ఒకే ఒక్క రీల్‌ను, అంటే జనం గెంతులేసి ఆడే ఆ వడి వరసను, ఎవరెవరు వాయించారో వెతుకుతూ పన్నెండేళ్లు తిరిగింది. తిక్క అనండి, ప్రేమ అనండి.

“పన్నెండు రికార్డులు బాబాయ్. స్వరం రాసిన పుస్తకాలు నాలుగు. అన్నిట్లోనూ రెండో సగంలో ఒకచోట దబ్బున కిందికి పడుతుంది. అది మా నాన్న గుర్తు. ఇంకే రీలూ అలా పడదు.”

“టీ చల్లారిపోతోంది, తాగు.”

“తాగుతాలెండి. అన్నీ వెళ్లి ఆగేది ఒక్కచోటే. యాభై ఎనిమిదిలో పాత వరసలు టేపు చేసుకోడానికి వ్యానేసుకొచ్చిన వాళ్లు ఇదే వంటింట్లో చేసిన టేపు. పెట్టె మీద రాసుంది, డొమినిక్ స్కాన్లన్, ఫిడేలు అని.”

“ఉంటుంది, ఉంటుంది. బ్రెడ్డుకి వెన్న రాసుకో.”

“వెన్న సంగతి తర్వాత! ఈ రీల్‌ను కొత్త పుస్తకంలో వేస్తున్నారు. వాయించింది నాన్నేనని చూసినవాళ్లు సంతకం పెట్టాలి. చూసినవాళ్లలో మిగిలింది మీరొక్కరే.”

“కళ్లజోడు ఎక్కడో పెట్టాను.”

“నెత్తి మీదే ఉంది.”

“...నాకేం గుర్తు అమ్మాయ్, అరవై ఏళ్ల నాటి మాట!”

“ఆనాటి పందేల్లో ఏ గుర్రం నెగ్గిందో చెప్తారు గానీ ఇది గుర్తులేదా? నాన్న ఇంగ్లండులో సొరంగం కూలి చనిపోయేనాటికి నాకు మూడేళ్లు. ఆ టేపు తప్ప నాకు నాన్న లేడు. ఆ పడే చోటు వచ్చిందంటే ఇప్పటికీ ఏడుపాగదు. పెట్టండి సంతకం.”

“పెట్టలేనే తల్లీ.”

“ఏం?”

“ఆ వాయించింది మీ నాన్న కాదు.”

“మరి?”

“నేను.”

“పెట్టె మీద పేరు...”

“ఎవరి రీల్ అనడిగారు. డొమినిక్‌ది అన్నాను. వాయించినవాడి పేరనుకుని రాసేసుకున్నారు. మీ నాన్న వ్యాను చూడగానే పెరట్లోకి పోయాడు. మిషన్లోకి ఎక్కిస్తే రేపు ప్రతివాడూ నాదేనంటాడురా అని గోల.”

“పన్నెండేళ్లుగా నేను నాన్న చెయ్యి అనుకుని విన్నది...”

“నా చెయ్యి. మన్నించు.”

“మరి ఆ పడడం?”

“ఆ పడడమా... అదీ...”

“చెప్పండి!”

“కావాలని పడేశాను. ఇక్కడ అందరం చేసే పనే. వచ్చినవాళ్లని కాదనలేం, మంచి రీల్ ఇవ్వాలనీ ఉండదు. ఒకచోట మెలిపెట్టి ఇస్తాం. కిటికీలోంచి మీ నాన్న వద్దువద్దని తల ఊపాడు. పైకెక్కాల్సిన చోట కిందికి దించేశాను. వాళ్లెళ్లాక ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.”

“నవ్వారా!”

“కళ్లలో నీళ్లొచ్చేదాకా.”

“సరే. ఏడ్చేదేదో ఇంటికెళ్లి ఏడుస్తాను. ఇదిగో ఫిడేలు. అసలుది వాయించండి. ఒక్కసారి.”

“ఇవ్వు... ఊఁ... ఇదిగో, ఇలా...”

“ఆగండి. అది టేపులోదే.”

“ఉండుండు. మళ్లీ... ఇప్పుడో?”

“మళ్లీ కిందికే పడింది.”

“అయిపోయిందే అమ్మాయ్. నేర్చుకోడానికి వచ్చిన ప్రతివాడూ కాగితం ముందేసుకుని టేపులో ఉన్నట్టే కావాలన్నాడు. మొదట్లో అసలుది వాయిస్తే, మర్చిపోయారు తాతా అని నన్నే దిద్దారు. పోనీలే అని వాళ్లదే వాయించాను. అసలుది ఎప్పుడు పోయిందో నాకే తెలీదు.”

“ఇంకెవరు విన్నారు? ఒక్కరి పేరు చెప్పండి. ఎక్కడున్నా వెళ్తాను.”

“అందరూ మట్టిలో ఉన్నారు. ఆ... ఆగాగు! మీ అమ్మ! పాలు పితుకుతూ నోటితోనే డిడిల్ డడిల్ అంటూ ఆ రీలే తీసేది. మీ నాన్న పక్కన కూర్చుని నేర్పాడు, మాకన్నా తనకే బాగా వచ్చు. మతి పోయిందంటారు గానీ, నోటికొచ్చిన పాట అంత తొందరగా పోదు. ఇప్పుడే వెళ్లి పాడించు! లే! ...ఏమైందే? అలా అయిపోయావేం?”

“పాడేది బాబాయ్. వృద్ధుల హోమ్‌లో చేర్చిన దగ్గర్నుంచీ పొద్దస్తమానం అదే.”

“మరింకేం!”

“ఆ చోట కిందికి పడేది కాదు. నాన్న గుర్తు కూడా మర్చిపోయిందే అని ప్రాణం ఉసూరుమనేది. ప్రతి ఆదివారం టేపు తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని, ఇలా కాదమ్మా, ఇదిగో ఇలా అని దిద్దాను. రెండేళ్లు.”

“దిద్దితే మాత్రం ఆ వయసులో ఎక్కుతుందా ఏంటి? నువ్వైనా గుర్తు తెచ్చుకో, ముందు ఎలా పాడేదో.”

“అదే చూస్తున్నా ఇందాకట్నుంచీ. టేపే వినపడుతోంది.”

“అయితే అమ్మనే అడుగు.”

“మొన్న ఆదివారం మొదటిసారి టేపులో ఉన్నట్టే పాడింది బాబాయ్. నర్సులందరికీ కేకు పంచాను.”